కుట్టుయంత్రము: పని కుట్లు, సొగసు కుట్లు

మా ఇంట కుట్టుయంత్రములు రెండు కలవు. ఒకటి మా అత్తగారిది. నల్లని రంగు, చెరిగిపోయిన బంగారు తీగెలు, చేతితో త్రిప్పు చక్రము. అది తిన్నని కుట్టు తప్ప మరియొకటి ఎరుగదు. రెండవది విద్యుత్తుతో నడచునది. దాని ముందువైపున ఒక మీట, ఆ మీటను త్రిప్పినకొలది మారెడి ఆకులు, అలలు, నిచ్చెనలు, రంపపు పండ్లు మొదలైన కుట్ల బొమ్మలు. గన్నవరములో ఒకే ఇంట కాపురమున్న తోడికోడండ్రము ఇరువురము కలిసి దానిని కొంటిమి. ఈ ప్రసంగములో మేమన్నది ఆ ఇరువురమే. యంత్రము వచ్చిన తొలి మాసమున చేసిన పాడుపనిని ముందుగా ఒప్పుకొని, పిదప తక్కిన మాటలు చెప్పుదుము.

అత్తగారు కాలము చేసిన పిమ్మట ఆమె పెట్టెలో మంగళగిరి నూలుచీర ఒకటి మిగిలెను. నిజాం అంచు చీర. కుచ్చిళ్ళ చోట చివికినది గాని కొంగువైపు గుడ్డ ఇంకను గట్టిగనే యుండెను. సంక్రాంతికి ఇంటి చిన్నపిల్లకు దానితో పరికిణీ కుట్టవలెనని తలచితిమి. మీటపైనున్న బొమ్మలలో ఆకుతీగె మా మనసును దోచినది. అంచునకు అంగుళము పైగా ఎర్రదారముతో ఆ తీగెను పారించితిమి. అడుగున కాగితము లేదు, బక్రము లేదు, ఒంటిపొర గుడ్డ. సగము దూరము పోవునప్పటికే గుడ్డ ముడుతలు పడి కాకరకాయ వలె అయ్యెను. విప్పబోగా, సూది దగ్గర దగ్గరగా పొడిచిన రంధ్రముల వెంట, తపాలాబిళ్ళ చిరిగినట్లు, అంచు అంతయు ఊడి చేతిలోనికి వచ్చినది. కొత్త గుడ్డయైనచో విజయవాడ పోయి మరల తెచ్చుకొనవచ్చును. అత్తగారి చీర ఏ అంగడిలో దొరకును? ఆ పూట మేమిరువురము ఒకరితో నొకరము మాటాడలేదు.

తప్పు యంత్రముది కాదు. సొగసు కుట్టన్నది ఏమో తెలియకయే దానిని నడిపితిమి.

కుట్టుయంత్రము రెండు దారములతో పనిచేయును. పైదారము సూదితో దిగును. అడుగుదారము బాబిను నుండి వచ్చును. రెండును గుడ్డ నడుమ ఒకదానినొకటి పెనవేసికొనును. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే హక్కుపత్రము పొందినది ఈ పద్ధతికే. 1851లో ఐజాక్ సింగర్ తన యంత్రమునకు హక్కుపత్రము పొందెను. సూదిని కుడియెడమలకు ఊపి వంకరటింకర కుట్టు వేయు యంత్రమునకు 1873లో హక్కుపత్రము పొందినది హెలెన్ బ్లాంచర్డ్ అను స్త్రీ. మన దేశమున 1930ల నడుమ కలకత్తాలో ఉషా యంత్రముల తయారీ ఆరంభమయ్యెను. యంత్రములను అంతగా విమర్శించిన గాంధీజీ సైతము 1924లో ఒక సంభాషణలో కుట్టుయంత్రమును మినహాయించిరి. భార్య పడు శ్రమను చూడలేక సింగర్ దానిని కల్పించెనన్న కథ ఆయనకు ఇష్టము.

వంకర కుట్టునే మన దర్జీలు జిగ్‌జాగ్ అందురు. యంత్రముపై నున్న బొమ్మలన్నియు చాలవరకు దాని సంతానమే. సూది ఎంత ప్రక్కకు జరగవలెను, గుడ్డ ఎంత ముందుకు నడవవలెను అను రెండు కొలతలు మారినకొలది కుట్టు రూపు మారును. ఇంటి యంత్రములలో వెడల్పు సాధారణముగా అయిదు మిల్లీమీటర్ల వరకును, పొడవు నాలుగు వరకును ఉండును. పొడవు సున్నకు దగ్గరైనకొలది దారము దట్టమై పట్టువలె మెరయును. మా పరికిణీని చీల్చినది ఆ దట్టమే.

మొదట నేర్వవలసినది పని కుట్టు. మన కృష్ణాజిల్లా ఎండలలో జాకెట్టు చంకక్రింద ఎంత చెమట పట్టునో చెప్పనక్కరలేదు. నిత్యము ఉతుకుటచే లోపలి అంచు పోగులూడి, ఒకనాటికి కుట్టే విడిపోవును. లోపల మిగిలిన అంచుపై జిగ్‌జాగ్ ఒక వరుస వేసినచో ఆ జాకెట్టు మరి కొంతకాలము బ్రతుకును. బనియను గుడ్డకు తిన్నని కుట్టు వేసినచో గుడ్డ సాగును, దారము సాగదు, టప్పున తెగును. వంకర కుట్టులో దారము మలుపులు తిరిగి యుండుటచే సాగుటకు వెసులుబాటు కలదు. మూడు మెట్ల జిగ్‌జాగ్ అనునది ఇంకను మేలు. ఒక ప్రక్కకు ఒక్క గెంతున పోక, మూడు చిన్న అడుగులు వేసి, అటులనే వెనుకకు వచ్చును. ఎలాస్టిక్ పట్టుటకు, దుప్పటి చిరుగుపై మాసిక వేయుటకు, పాతచీరల బొంతను పొరలు కదలకుండ పట్టుటకు దానిని మించినది లేదు.

చీరకు పీకో వేయించుటకు అంగడికి పోని ఇల్లు అరుదు. పీకో అనగా దట్టమైన జిగ్‌జాగే. చీర రెండు కొసలను సమముగా కత్తిరించి, వెడల్పు మూడు, పొడవు ఒకటికి లోపుగా పెట్టి, సూది ఒకసారి గుడ్డలోను ఒకసారి అంచు దాటి బయటను పడునట్లు నడిపినచో, అంచు తానే చుట్టుకొనును. పలుచని చీరకు పదునొకండవ నంబరు సూది, సన్నని దారము వాడవలెను. మొద్దు సూది పోగును లాగివేయును. ఫాల్ గుడ్డను ముందుగా నీట నానవైచి ఆరవేయనిదే కుట్టరాదు. లేనిచో మొదటి ఉతుకునకే అది కుదించుకొని చీర అంచును పైకి గుంజును.

కాజాలను గూర్చి ఎక్కువ చెప్పము. పనికిమాలిన గుడ్డపై పది కాజాలు వేసిన పిదప చొక్కాపై ఒకటి వేయవలెను, అంతే.

ఒక్క జాగ్రత్త మాత్రము మరువరాదు. తిన్నని కుట్టుకు వాడు ఫుట్టులో చిన్న సందు ఉండును. దానిని మార్చకుండ మీటను జిగ్‌జాగ్ మీదికి త్రిప్పినచో సూది ఇనుమును గొట్టుకొని విరుగును. ఆ ముక్క కంటిలో పడినను పడును. వెడల్పు సందు గల ఫుట్టు తగిలించి, మొదటి నాలుగు కుట్లు చక్రమును చేతితో త్రిప్పి చూడవలెను. సూది గుడ్డలో ఉండగా మీటను కదల్పరాదు. వెనుకనుండి గుడ్డను లాగరాదు.

ఇక సొగసు కుట్లు. వీనికి అడుగున ఆధారము కావలెను. బక్రము లేకున్న పలుచని తెల్లకాగితమైనను చాలును. కుట్టిన పిదప చింపివేయవచ్చును. వార్తాపత్రిక వలదు, సిరా అంటును. పైదారపు బిగువు కొంచెము సడలించినచో అడుగుదారము పైకి కనబడదు. దట్టపు కుట్టునకు అడుగున గాడి గల ఫుట్టు వేరే ఉండును. అది లేనిచో దారపు కట్ట ఇరికికొని ఆకు మీద ఆకు పడును. పెడన కలంకారీ గుడ్డనుండి ఒక పూవును కత్తిరించి సాదా జాకెట్టు వీపున అతికించి, చుట్టును దట్టపు జిగ్‌జాగ్ వేసి చూడుడు. అచట కుట్టు అందమునకే కాదు, పూవు అంచును పట్టుకొనుటకు కూడ. మాకు నచ్చిన సొగసు కుట్లన్నియు ఇట్టివే. చేతిరుమాలు అంచును మడిచి పట్టిన అలల కుట్టు, గౌను మడతను ఆపిన ఈకకుట్టు. ఏ పనియు లేక గుడ్డ నడుమ ఊరక ప్రాకు తీగెలపై మాకిప్పటికిని మనసు పోదు. అది మా భయమైనను కావచ్చును.

పరికిణీ సంగతి చెప్పవలసి యున్నది. ఊడిన అంచును, చిరిగిన గుడ్డను బల్లపై పరచుకొని మూడు దినములు చూచితిమి. గుడ్డ చిరుగును సమముగా కత్తిరించి, అంచు కొసను లోనికి మడిచి, అర అంగుళము గుడ్డపైకి ఎక్కించి, చేతితో దూరదూరముగా కుట్టి నిలిపితిమి. పిదప అంచు రంగు దారముతోనే మూడు మెట్ల జిగ్‌జాగ్ రెండు వరుసలు వేసితిమి. ముడుత పడలేదు. దూరమునుండి చూచినచో నేతలోనే సన్నని రంపపు గీత వచ్చినట్లుండెను. మాసిక వేయు కుట్టది. పండుగనాడు చూచినవారు ఆ కుట్టు బొమ్మ ఏ సంఖ్యది అని మమ్ము అడిగిరి.

పిల్ల రెండేండ్లు కట్టినది. పరికిణీ పొట్టియైన పిదప ఆ అంచును విప్పి మరియొకదానికి వేయుదమా యని తలచితిమి. కత్తెర కొసతో నాలుగు వ్రేళ్ళ దూరము విప్పుటకే గంట పట్టెను. ఆ నాలుగు వ్రేళ్ళును మరల కుట్టి, మడిచి, అత్తగారి పెట్టెలోనే పెట్టితిమి.