చేత లేని వాటాల అమ్మకము – చిన్న కంపెనీలు, చిన్న వాటాదారులు



గ్రంథాలయమునకు వచ్చు దినపత్రికలలో వాటాల ధరల పుట ఒకటి ఉండును. ఒకప్పుడు చదువరులలో పెక్కురు ఆ పుటను చూడకయే త్రిప్పివేయుచుండిరి. ఇప్పుడు ఆ ధరలు చేతిలోని ఫోనులోనే క్షణక్షణము కనబడుచున్నవి. పంట అమ్మిన సొమ్ములోను, జీతములో మిగిల్చిన సొమ్ములోను కొంత కంపెనీల వాటాలలోనికి పోవుచున్నది. ఇట్లు సొమ్ము పెట్టినవారు తరచుగా వేయు ప్రశ్న ఒకటి కలదు. "కంపెనీ బాగుగనే నడచుచున్నది గదా, వాటా ధర ఎందుకు కూలినది?" దీనికి కారణములు పెక్కు ఉండవచ్చును. వానిలో ఒకటి, తన చేత లేని వాటాను అమ్ము వ్యాపారము. దీనినే షార్ట్ సెల్లింగు అందురు. తేజీ మందీ బేరముల భాషలో ఇది మందీవారి పని.

ఒకడు పొరుగువాని వద్ద పది బస్తాల ధాన్యము బదులు తెచ్చి, ఆనాటి ధరకు అమ్మివేసినాడనుకొనుడు. కోతలనాటికి ధర పడిపోవునని వాని నమ్మకము. ధర పడినచో తక్కువ సొమ్ముతో పది బస్తాలు కొని పొరుగువానికి తీర్చి, మిగిలినది తాను ఉంచుకొనును. ధర పెరిగినచో ఎంత సొమ్మైనను పెట్టి కొని తీర్పవలసినదే. వాటాల విషయమునను ఇంతియే. వాటాను కొన్నవానికి పోవునది, మహా పోయిన, పెట్టిన సొమ్ము. బదులు తెచ్చి అమ్మినవాని నష్టమునకు హద్దు లేదు. ధర ఎందాక పెరుగునో ఎవ్వరు చెప్పగలరు?

ఈ బేరము క్రొత్తది కాదు. 1609లో ఆమ్‌స్టర్‌డాములో ఐజాక్ లమెయిర్ అను వర్తకుడును, అతని తోడివారును డచ్చి ఈస్టిండియా కంపెనీ వాటాలను ఇట్లే అమ్మజొచ్చిరి. గగ్గోలు పుట్టగా 1610లో అక్కడి ప్రభుత్వము చేత లేని వాటాల అమ్మకమును నిషేధించెను. నిషేధము కాగితము మీద ఉండెను. బేరము మాత్రము సాగుచునే యుండెను.

పెద్ద కంపెనీకి కోట్లకొలది వాటాలు ఉండును. మందీవారు కొన్ని అమ్మినను అది చెరువులో కడవెడు తోడినట్లే. చిన్న కంపెనీ వాటాలు కొద్ది. వానిలోను పెద్దభాగము స్థాపకుల కుటుంబము వద్దనే నిలిచియుండును గనుక, చేతులు మారునవి మరింత కొద్ది. అందుచే కొద్దిపాటి అమ్మకమునకే ధర దిగును. దిగిన ధరను చూచి చిన్న వాటాదారు బెదరి తనవియు అమ్మును. ధర మరికొంత దిగును. ఆ వాటాల మీద అప్పిచ్చినవారు ఇంకను తాకట్టు తెమ్మందురు. కంపెనీ క్రొత్త వాటాలు అమ్మి గోదామో యంత్రమో కొనదలచినచో, పడిన ధరకు ఎక్కువ వాటాలు ఈయవలసి వచ్చును. పాత వాటాదారుల పాలు అంతమేరకు తరుగును. అయితే వాటాలు కొద్దియగుట మందీవారికిని ముప్పే. తీర్చుటకు వాటాలు దొరకనప్పుడు ఉచ్చు వారి మెడకే బిగియును. ఈ రెండును ఒక్క కంపెనీ కథలోనే నూరేండ్ల క్రిందట జరిగినవి.

అమెరికాలో టెనెసీ రాష్ట్రమున మెంఫిస్ అను పట్టణము కలదు. అక్కడ క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు 1916లో పిగ్లీ విగ్లీ అను కిరాణా దుకాణము తెరచెను. అంతకు ముందు కొనువాడు బల్ల కీవల నిలిచి అడుగుటయు, గుమాస్తా సరకు తీసి ఇచ్చుటయు ఆచారము. ఈ దుకాణములో కొనువారే బుట్ట పట్టుకొని తిరిగి, కావలసినవి ఏరుకొని, ద్వారము వద్ద సొమ్ము చెల్లించిరి. నేటి సూపర్ మార్కెట్ల పద్ధతి ఇదియే. ఆరేండ్లలో ఆ పేరుగల దుకాణములు వేయికి మించినవి. కొన్ని కంపెనీ సొంతవి. కొన్ని పేరు వాడుకొనుటకు అనుమతి పొందిన ఇతరులవి. 1922లో కంపెనీ వాటాలు న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కినవి. మొత్తము వాటాలు 2 లక్షలు మాత్రమే.

ఆ యేడు నవంబరులో న్యూయార్కు, న్యూజెర్సీ, కనెక్టికట్ రాష్ట్రములలో పేరు మాత్రమే వాడుకొనుచున్న కొన్ని దుకాణములు దివాలా తీసినవి. మెంఫిస్ కంపెనీకి వానితో లావాదేవీ స్వల్పమే. అయినను పేరు ఒక్కటే గదా! మందీవారు ఆ వార్త పట్టుకొని వాటాలను అమ్మిరి. 50 డాలర్ల చెంత ఉన్న ధర 40కి దిగువకు పోయెను. ఒక్క దుకాణమైనను మూతపడని కంపెనీ వాటాదారునకు, తన ఆస్తిలో అయిదవ వంతు పుకారు మీద పోయినట్లు కనబడెను.

సాండర్స్ రోషము గలవాడు. దక్షిణ రాష్ట్రముల బ్యాంకుల వద్ద సుమారు కోటి డాలర్లు అప్పు తెచ్చి, తన కంపెనీ వాటాలను తానే కొనసాగెను. కొనుటకు నియమించిన మనిషి ఎవరనుకొన్నారు? మందీ బేరములో ఆనాడు పేరు మోసిన జెస్సీ లివర్‌మోర్! 1923 మార్చి 19 నాటికి 2 లక్షల వాటాలలో 1,98,872 సాండర్స్ అధీనములోనికి వచ్చినవి. మరునాడు ఆయన తనకు అమ్మినవారందరిని వాటాలు తెచ్చి ఒప్పగింపుడని అడిగెను. అవి ఎక్కడ నుండి తేవలెను? ధర 124 డాలర్లకు ఎగసెను.

అప్పుడు స్టాక్ ఎక్స్ఛేంజి పెద్దలు ఆ వాటాల బేరమును నిలిపివేసి, మందీవారు వాటాలు ఒప్పగించు గడువును పొడిగించిరి. మరునాటి మధ్యాహ్నము తీరవలసినది తరువాతి సోమవారమునకు పోయెను. ఆ వ్యవధిలో వారు ఊరూర వెదకించి చిన్న వాటాదారుల వద్ద మిగిలిన కొద్ది వాటాలను పోగుచేసికొనిరి. 150 డాలర్లు, 250 డాలర్లు అని బెదరించిన సాండర్స్ తుదకు 100కు దిగెను. ఆట నడుమ నియమము మార్చుట పెద్దలకు ఉచితముగనే తోచినది. కాని ధర 50 నుండి 40కి దిగిన దినములలో బెదరి అమ్ముకొన్న చిన్నవారి కొరకు అట్టి గడువు ఎవ్వరును ఈయలేదు. ఈ తేడాను మరువరాదు.

సాండర్స్ మాత్రము నిర్దోషి యనుటకు వీలులేదు. మార్చిలోనే ఆయన పత్రికలలో ప్రకటించి 50,000 వాటాలను ఒక్కొక్కటి 55 డాలర్లకు జనులకు అమ్మజూపెను. 25 డాలర్లు ముందు, మిగిలినది పదేసి డాలర్ల మూడు వాయిదాలు. తుది వాయిదా చెల్లువరకు వాటా పత్రము చేతికి రాదు. చూచుటకు ఇది పేదలకు వెసులుబాటు. పత్రము చేతికి రానిచో కొన్నవాడు దానిని మందీవారికి అమ్మలేడన్నదే అందులోని కిటుకు. చిన్న వాటాదారుల సొమ్ము ఆయన యుద్ధమునకు పనికివచ్చెను. వారి వాటా మాత్రము తాళములో ఉండెను.

గెలిచినవానికి దక్కిన దేమి? వాటాలన్నియు తన వద్దనే. అప్పు తీర్చుటకు వానిని అమ్మవలెను. స్టాక్ ఎక్స్ఛేంజి ఆ కంపెనీని తన పట్టికనుండి తీసివేసెను. ఇక కొనువారెవ్వరు? మెంఫిస్ జనులు ఊరి పరువని తలచి ఇంటింటికి తిరిగి వాటాలు అమ్మిపెట్టుటకు పూనుకొనిరి. కంపెనీ లెక్కలు తనిఖీ చేయింపుమని కొందరు కోరగా ఆయన ఒప్పుకొనలేదు. ప్రయత్నము సగములోనే నిలిచిపోయెను. 1923 ఆగస్టులో ఆయన కంపెనీని విడిచెను. కట్టించుకొనుచున్న గులాబిరంగు భవనమును చేజారెను. అది తరువాత పట్టణపు మ్యూజియమై, మొదటి దుకాణపు నమూనాను చూపుచున్నది.

తొంబదియెనిమిదేండ్లకు, 2021 జనవరిలో, ఆ దేశముననే గేమ్‌స్టాప్ వాటాల విషయమున ఇట్టిదే జరిగెను. మందీవారికి ఉచ్చు బిగిసి ధర ఎగసిన వేళ, కొందరు దళారీలు చిన్న మదుపరులు కొనుటను ఆపివేసిరి; అమ్మకమును మాత్రము ఆపలేదు.

ఇంత చెప్పినను మందీవారిని మూకుమ్మడిగా దొంగలనుట తగదు. జర్మనీలో వైర్‌కార్డ్ అను కంపెనీ లెక్కలు బూటకమని అనుమానించి దాని వాటాలు అమ్మినవారి మీద అధికారులు కన్నెర్రచేసి, 2019లో రెండు నెలలు ఆ అమ్మకమును నిషేధించిరి. 2020 జూనులో 190 కోట్ల యూరోలు ఖాతాలలో లేవని తేలి కంపెనీ కూలెను. మందీవారి మాట ముందే విన్న చిన్న వాటాదారుడు కొంతైనను దక్కించుకొనియుండును.

మన దేశమున 2001 మార్చిలో ధరలు కూలినప్పుడు సెబీ ఈ అమ్మకమును కొంతకాలము నిషేధించెను. పిమ్మట నియమములు సడలినవి; 2008లో పెద్ద సంస్థలకును అనుమతి దొరకినది. 2024 జనవరిలో వానిని సెబీ మరల ప్రకటించెను. వాటాను బదులైనను తేకుండ అమ్మి, గడువునాటికి ఒప్పగించకపోవుట కూడదు. పెద్ద సంస్థలు బేరము పెట్టునప్పుడే అది షార్ట్ సేలని చెప్పవలెను. తక్కినవారు ఆ దినము ముగియులోగా చెప్పవలెను. ఏ కంపెనీ వాటాలు ఎన్ని ఇట్లు అమ్ముడైనవో ఎక్స్ఛేంజీలు వారము వారము తెలుపవలెను. ఒడుదుడుకులకు లోనైన కొన్ని చిన్న కంపెనీల వాటాలను వేరొక పట్టికలో ఉంచుదురు. వానిని ఉదయము అమ్మి సాయంకాలము కొని సరిపెట్టుకొనుటకు వీలులేదు, సరకు ఒప్పగింపవలసినదే. తన కంపెనీ ఏ పట్టికలో ఉన్నదో, వారపు లెక్కలో దాని పేరు పెరుగుచున్నదో తరుగుచున్నదో, ధర దిగిన నాడు వాటాదారుడు అమ్మకపు బొత్తాము నొక్కుటకు ముందు చూచుకొనవచ్చును. దానికి రుసుము లేదు.