విశాఖ దాహము - గోదావరి ఆశ

(ఒక పఠనమందిరమున చేయబడిన ప్రసంగ పాఠము)



ఈ మందిరమున మేము పలుమారులు ప్రసంగించితిమి. ఒకమారు రాజ్యాంగమును గూర్చియు, మరియొకమారు ఉక్కు కర్మాగారమును గూర్చియు మాటలాడితిమి. కాని ఈ బల్లమీదనున్న మంచినీళ్ల గ్లాసును గూర్చి ఒక్కనాడైనను మాటలాడియుండలేదు. నేడు కార్యదర్శిగారు దీనిని మా ముందుంచినపుడు, "ఈ నీరెక్కడిదండీ?" యని యడిగితిమి. "కుళాయిది" అని వారు సెలవిచ్చిరి. ఆ కుళాయికి ఎక్కడనుండి వచ్చెనో వారు చెప్పలేకపోయిరి. వారిని నవ్వుటకు మాకు హక్కులేదు. కొన్ని యేండ్ల క్రిందటివరకు మాకును తెలియదు.

మన పట్టణము సముద్రపుటొడ్డున నున్నదే కాని నదీతీరమున లేదు. బెజవాడకు కృష్ణ కలదు, రాజమహేంద్రవరమునకు గోదావరి కలదు. మనకు తూర్పున ఉప్పునీరు, తక్కిన దిక్కుల కొండలు. ఏటేట సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురియుచున్నది. అది తక్కువ వాన కాదు. కాని కొండవాలుపై పడిన వాన గెడ్డలలో దిగి, కొన్ని గడియలలోనే సముద్రము పాలగుచున్నది. గెడ్డ, లోవ అను మాటలు మన ఉత్తరాంధ్రపు సొత్తు. గెడ్డయన కొండవాగు, లోవయన కొండల నడిమి పల్లము. మన పెద్దలు ఈ రెంటిని చూచియే నీరు పట్టిరి. 20వ శతాబ్ది యారంభమున కట్టబడిన ముడసర్లోవ జలాశయము పేరులోనే ఆ సంగతి యున్నది.

1933లో ఓడరేవు తెరువబడెను. అది మొదలు ఊరు పెరుగుచువచ్చినది. పెరిగినకొలది నీటికై చేయి దూరము సాచుచువచ్చినది. 1960వ దశాబ్దిలో గోస్తనీనదిపై తాటిపూడి కట్టబడెను. ఇంటిచెంతనే మేఘాద్రిగెడ్డ నిలువబడెను. పిమ్మట శారదానదిమీది రైవాడ నీరు వచ్చెను. అదియు చాలక, ఏలేశ్వరమువద్ద ఏలేరు జలాశయమునుండి 153 కిలోమీటర్ల కాలువ త్రవ్వబడెను. అదియు చాలక, 2017లో పురుషోత్తపట్నమువద్ద గోదావరి నీటిని యెత్తి ఏలేరునకు పంపు పథకము జాతికంకితమయ్యెను. ముడసర్లోవ మన గడపలోనిది. నేడు మన గ్లాసులోని నీటికి గోదావరి చుట్టరికము!

ఏలేరు కాలువ కథ ఉక్కు కథయే. 1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని నినదించి ముప్పదిఇద్దరు ప్రాణములర్పించిరి. 1971లో ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిరి, 1992లో పి.వి. నరసింహారావుగారు కర్మాగారమును జాతికంకితము చేసిరి. 2021 జనవరిలో దానిని ప్రైవేటు పరము చేయుటకు కేంద్రమంత్రివర్గసంఘము సూత్రప్రాయముగ సమ్మతించిన నాటినుండి మేమును వాలంటీరులమై ఆ శిబిరములలో కూర్చుంటిమి. ఇనుపగని లేదని వాదించితిమి, బొగ్గు ధరలను గూర్చి వాదించితిమి. నీరు లేనిదే ఉక్కు లేదు. కొలిమిని చల్లార్చుటకు నీరు వలయును, ఆవిరికి నీరు వలయును. కణితి నిలువజలాశయము నిండనిదే కర్మాగారము నడువదు. అయినను ఆ నీరెవరి పొలములప్రక్కనుండి వచ్చుచున్నదో మా ఉపన్యాసములలో ఒక్క మాటయు లేకుండెను. ఈ లోపమును మేమిపుడు బహిరంగముగ నొప్పుకొనుచున్నాము.

ఈ కనువిప్పు మాకు దేవరాపల్లి ప్రాంతమున కలిగినది. రైవాడ నీరు తమ ఆయకట్టుకే చెందవలెనని అచ్చటి రైతులు చిరకాలముగ కోరుచున్నారు. ఒక దావా పనిమీద మేమా గ్రామములకు పోయినపుడు ఒక వృద్ధ కర్షకుడు మమ్ము చెట్టుక్రింద కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చి, ఇట్లడిగెను: "మా నీరు మీరు తాగితే పున్నెమే ప్లీడరుబాబూ, కాదనం. తాగినాక ఆ నీటిని ఏటి సేస్తన్నారు?"

మేము బదులు చెప్పలేకపోతిమి. ఏమి చేయుచున్నామని చెప్పవలెను? ఇంటికి వచ్చిన నీటిలో పదింట ఎనిమిది పాళ్లు మురుగై వెలుపలికి పోవునని ఇంజనీర్లు లెక్కకట్టుదురు. ఒకనాడు తేటనీటి వాగులైన గంగులగెడ్డ, ఎర్రిగెడ్డ నేడు ఆ మురుగును మోయుచున్నవి. పల్లెవారి మడికి పోవలసిన నీటిని వంద కిలోమీటర్లు నడిపించి తెచ్చి, ఒక్క పూట వాడి, సముద్రమున కలుపుచున్నాము. ఆ వృద్ధుని ప్రశ్నయే నేటి మా ప్రసంగమునకు మూలము.

వాడిన నీటిని శుద్ధిచేసి మరల వాడుట అసాధ్యమని యెవరైన ననుకొనినచో వారు సింగపూరు వైపు చూడవలెను. ఆ దీవికి పెద్ద నదులు లేవు. పొరుగుదేశపు నీటిపై ఆధారపడియుండెడిది. 2003 నుండి ఆ ప్రభుత్వము మురుగునీటినే సూక్ష్మమైన పొరలగుండ వడగట్టి, క్రొత్తనీరను పేర ప్రధానముగ కర్మాగారములకిచ్చుచున్నది. అంత దూరమేల? 2014 నుండి సూరతునందు నగరపాలక సంస్థ శుద్ధిచేసిన మురుగునీటిని పాండేసరా పారిశ్రామికవాడకు అమ్ముచున్నది. 2019 వేసవిలో చెన్నపట్టణపు జలాశయములెండి, జోలారుపేటనుండి రైలుబండ్లలో నీరు తేవలసివచ్చెను. ఆ యేడే అచ్చట కొడుంగైయూరు, కోయంబేడులలో చెరియొక 4.5 కోట్ల లీటర్ల శక్తిగల శుద్ధికేంద్రములు కర్మాగారములకై పనిచేయ నారంభించెను. మన నగరమందును శుద్ధికేంద్రములు లేకపోలేదు. శుద్ధజలమును పరిశ్రమలకిచ్చు యత్నములును మొదలైనవి. కాని యత్నము వేరు, నియమము వేరు. నదినీరు చౌకగ దొరకినంతకాలము ఏ కర్మాగారమును శుద్ధిచేసిన మురుగునీటిని కోరదు. కావున మంచినీటివెల కంటె శుద్ధజలము వెల తక్కువగ నుండవలెను. మంచినీరు కావలెనన్న కర్మాగారము ముందు తనకు శుద్ధజలమేల పనికిరాదో రుజువుచేయవలెను. రుజువు భారము అడుగువానిదే. ఇది మా వృత్తిలోని పాతనీతి.

సముద్రజలమును మంచినీరుగ మార్చరాదా యని కొందరడుగుచున్నారు. మార్చవచ్చును. చెన్నపట్టణమున 2010లో మింజూరు కర్మాగారము అదే పని ఆరంభించెను. కాని వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల విద్యుత్తు ఖర్చగును; మిగిలిన చిక్కని ఉప్పునీరు మరల సముద్రమున పడును. ఆ తీరమున వలవేయు జాలరివాని మాట వినకుండ ఇట్టి పని తలపెట్టరాదు. అంతకంటె సులభమైన మార్గము పరవాడవద్ద మన కన్నులయెదుటనే కలదు: సింహాద్రి విద్యుత్కేంద్రము తన యంత్రములను చల్లార్చుటకు సముద్రపునీటినే వాడుచున్నది. 2000 మెగావాట్ల కేంద్రము నదినీటిని మిగిల్చి సముద్రముతో చల్లబడగలిగినపుడు, తీరమున వెలయు క్రొత్త పరిశ్రమలకు అదియేల సాధ్యము కాదు?

ఈ ప్రశ్న మేము ఊరక వేయుట లేదు. 2025 జనవరిలో పూడిమడకవద్ద ఉదజని కేంద్రమునకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. ఒక కిలో ఉదజనికి కనీసము 9 లీటర్ల శుద్ధమైన నీరు వలయునని రసాయనశాస్త్రము చెప్పుచున్నది. 2025 అక్టోబరులో గూగులు సంస్థ మన ప్రాంతమున అయిదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చించి గణనకేంద్రములు నెలకొల్పుదునని ప్రకటించెను. అందలి యంత్రములు పగలు రేయి వేడెక్కుచుండును; వానిని చల్లార్చవలెను. నక్కపల్లి వైపు మరియొక ఉక్కు కర్మాగారము రానున్నదనుచున్నారు. రానిండు. మన బిడ్డలకు పనులు వలదని మేమనము. ఒప్పందపత్రములలో భూమి యెన్ని యెకరములో వ్రాయుదురు, రాయితీ యెంతయో వ్రాయుదురు. నీరెంత, ఏ నీరు, ఏ వెలకు, కరవువచ్చిన యేట ఎవరికి ముందుగ నిలుపుదురు అను నాలుగు పంక్తులు కూడ వ్రాసి ప్రకటింపుడని మాత్రమే కోరుచున్నాము.

ఇక అందరి నోటను నానుచున్న పోలవరము మాట. ఆ యెడమకాలువ 181 కిలోమీటర్లకు పైగ సాగి మనవైపు రావలెను. విశాఖపట్టణపు త్రాగునీటికిని పరిశ్రమలకును 23.44 టి.ఎం.సి.లు కేటాయింపబడినవి. వినుటకు ఇంపుగ నున్నది. మేము కాగితము, కలము తీసికొని గుణించి చూచితిమి. ఆ నీరు దినమునకు సుమారు 180 కోట్ల లీటర్లగును. 2011 జనాభాలెక్కలో మన నగరపాలక సంస్థ పరిధిలోని ప్రజలు 17.28 లక్షలు. మనిషికి దినమునకు 135 లీటర్ల చొప్పున 23 కోట్ల లీటర్లు చాలును. జనము రెండింతలైనను 47 కోట్లకు మించదు. కాలువలో ఇంకునది, ఆవిరియగునది యెంత తీసివేసినను, ఆ నీటిలో పెద్దపాలు త్రాగువారికి కాదు, కర్మాగారములకే. దానిని తప్పని మేమనము. కాని ప్రజల దాహము పేర అడిగిన నీటిలో ప్రజల వాటా యెంతయో దాచరాదు. ఆ నీటికై ఇల్లు వాకిలి విడిచిన గోదావరిలోయ గిరిజనులకైనను ఆ లెక్క చెప్పవలదా?

నీరు దూరమునుండి వచ్చినకొలది అపాయములును దారిపొడవున కాచియుండును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినపుడు జలాశయములలో నీరు లేక మనము దాహపడలేదు. విద్యుత్తు లేదు, పంపులు లేవు, కనుక కుళాయి లేదు. ఆ దినములలో మేము కొందరు యువకులతో కూడి డ్రమ్ములలో నీరు మోసితిమి. ఒక కొండవాలు పేటలో సగము మెట్లెక్కునప్పటికే మాకు ఆయాసము వచ్చెను. బిందెతో దిగివచ్చుచున్న ముసలమ్మ మమ్ముచూచి, "ఈ పాటికే అలిసిపోనారేటి బాబూ? నీల్లు కొండెక్కవు, మేమే రోజూ దిగాల" అనెను. ఆమెకు తుపానునకు ముందు, తరువాత అను భేదమే లేదు!

2020 మే 7న వెంకటాపురమున విషవాయువు వెలువడినపుడు మరియొక పాఠము వచ్చెను. ఆ చెంతనే మేఘాద్రిగెడ్డ. కొంతకాలము ఆ నీటిని ఊరికిచ్చుట ఆపవలసివచ్చెను. త్రాగునీటి జలాశయమునకు కూతవేటు దూరమున ఏమి నిలువచేయవచ్చునో, ఏమి చేయరాదో ముందుగ నిర్ణయించియుండవలదా?

కొత్త యంత్రములను మేము నిందించువారము కాము. ముడసర్లోవ నీటిపై 2018లో తేలియాడు సౌరఫలకములు 2 మెగావాట్ల శక్తితో ఏర్పడినవి. అవి విద్యుత్తు నిచ్చును, నీరు ఆవిరిగాకుండ నీడయు నిచ్చును. భూమిలోని గొట్టము ఎచ్చట కారుచున్నదో కనిపెట్టు సాధనములు వచ్చినవి. పూరీలో 2021 నుండి కుళాయినీటినే నేరుగ త్రాగగలుగునట్లు పగలు రేయి ఇచ్చుచున్నారు. మనకును అట్లే యిత్తుమనుచున్నారు, మీటర్లు పెట్టుదుమనుచున్నారు. ఇండ్లకు మీటరు మంచిదే. కాని మేడలకు పెట్టుటకు ముందు కర్మాగారముల ద్వారములకు, హోటళ్లకు, ట్యాంకరు బండ్లకు పెట్టుడు. ఆ లెక్కను నెలనెల ప్రకటింపుడు. వీధికుళాయిని మాత్రము పీకివేయకుడు.

మన డాబాలును కొంత పాపము మోయుచున్నవి. నూరు చదరపు మీటర్ల డాబామీద ఏడాదికి సుమారు లక్ష లీటర్ల వాన పడును. అయిదుగురున్న కుటుంబము ఏడాది వాడుకలో అది అయిదింట రెండు పాళ్లు. దానిని వీధికాలువలోనికి వదలి, బోరు త్రవ్వి, సముద్రపు ఉప్పు లోనికి వచ్చినదని విచారించుచున్నాము. మా యింట ఇంకుడుగుంత త్రవ్వించినది నిరుడు మాత్రమే. మా శ్రీమతి పదేండ్లు పోరినపిమ్మట!

చట్టము మన పక్షముననే యున్నది. రాజ్యాంగపు 12వ షెడ్యూలు గృహములకు, పరిశ్రమలకు నీటిసరఫరాను నగరపాలనల విధులలో చేర్చినది. 1991లో సుభాష్‌కుమార్ వ్యాజ్యమున కలుషరహితమైన నీరు 21వ అధికరణమునందలి జీవనహక్కులోనిదని సుప్రీంకోర్టు పలికెను. 2001లో హించ్‌లాల్ తివారీ వ్యాజ్యమున చెరువులు, కుంటలు సమాజపు సొత్తని చెప్పెను. మన రాష్ట్రమున 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము కలదు. తీర్పులను అటకమీదనుండి దింపువారు కావలెను. కోరిన యే పేటవారికైనను వ్రాతపని ఫీజు లేకుండ చేయుటకు మేము సిద్ధముగ నున్నాము.

ఈ మందిరమునకును ఒక విన్నపము. వార్తాపత్రికలు పరచు బల్లప్రక్కన ఒక నల్లబల్ల తగిలింపుడు. ప్రతి సోమవారము ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు నీటిమట్టములు దానిపై వ్రాయుడు. వచ్చు ఆదివారము ఉదయము ఆరుగంటలకు మేము కొందరము మేఘాద్రిగెడ్డ చుట్టును నడచి, అందులోనికి దిగు కాలువలనన్నిటిని కన్నులార చూచి వ్రాసికొన దలచితిమి. రాగోరువారు కార్యదర్శిగారికి పేరొసగుడు. త్రాగునీరు ఎవరిది వారు తెచ్చుకొనవలెను.