గీతకూ డ్రిల్ ఉండాలి
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్ చదివి బెంగుళూరులో మద్రాస్ సాపర్స్‌లో చేరినవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం సర్వే పని, రోడ్ల పని. పెన్షన్ వచ్చాక ఒక కన్సల్టెన్సీలో రోడ్డు డ్రాయింగులు సరిచూసే ఉద్యోగం దొరికింది. మన తమ్ముళ్ళు, పిల్లలు కూడా ఈ లైనులోకి వస్తున్నారు కాబట్టి అక్కడ నాకు తగిలిన ఒక దెబ్బ గురించి చెబుతాను.

అది ఒక ఘాట్ రోడ్డు పని. పొడవు సెక్షన్ షీట్లను ఇద్దరు కుర్రాళ్ళు సివిల్ 3డిలో తయారుచేశారు. షీటు అడుగున లెవెల్స్ రాసే పట్టీ ఉంటుంది. ఒకతను అందులో రోడ్డు లెవెల్ పై వరసలో, నేల లెవెల్ కింది వరసలో పెట్టాడు. రెండో అతను తారుమారుగా పెట్టాడు. కంప్యూటర్లో ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ కాబట్టి తేడా తెలుస్తుంది. సైటుకు వెళ్ళింది మాత్రం నలుపు తెలుపు జిరాక్సు. సూపర్‌వైజరు అలవాటు కొద్దీ పై వరస చదివి కల్వర్టుకు లెవెల్ ఇచ్చాడు. అడుగు కాంక్రీటు పడ్డాక బెంచ్‌మార్కుతో సరిచూస్తే 85 సెంటీమీటర్లు కిందికి ఉంది.

కాంక్రీటు పగలగొట్టించారు. ఆ సూపర్‌వైజరును పనిలోంచి తీసేద్దామన్నారు. కానీ షీటు మీద ‘సరిచూశాను’ అన్న సంతకం నాది. నేను ప్రతి అంకే చూశాను, అన్నీ కరెక్టే. వరస మారిన సంగతి చూడలేదు. తప్పు నాదని రాసిచ్చాను. అతని ఉద్యోగం నిలిచింది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

మ్యాప్ రీడింగ్ మనందరం నేర్చుకున్నదే. సర్వే ఆఫ్ ఇండియా షీటులో కాంటూరు గోధుమరంగు, నీళ్ళు నీలం, అడవి ఆకుపచ్చ. కాశ్మీరు షీటైనా కన్యాకుమారి షీటైనా అంతే. గీసినవాడి మొహం మనం చూడలేదు, అయినా అతని గీతను నమ్మి రాత్రిపూట నడిచాం. స్టైల్ స్టాండర్డ్ అంటే అదే. అది అందం కోసం కాదు.

సివిల్ 3డిలో నేల, అలైన్‌మెంటు, ప్రొఫైలు, కారిడారు ఇవన్నీ వేర్వేరు ఆబ్జెక్టులు. వాటి కొలత వేరు, అవి కనిపించే తీరు వేరు. ఆ తీరునే స్టైల్ అంటారు. ఒక స్టైల్ మారిస్తే ఆ డ్రాయింగులో దాన్ని వాడినవన్నీ మారతాయి. స్టైల్స్ అన్నీ ఒక టెంప్లేట్ ఫైలులో పెట్టి, ప్రతి డ్రాయింగూ దాంతోనే మొదలుపెట్టాలి. పాత డ్రాయింగుల్లోకి ఇంపోర్ట్ చేసుకోవచ్చు.

మేము పెట్టుకున్న నియమాలు ఇవి.

ఒకటి, రంగును నమ్మొద్దు. నేల గీత తెగిన గీతగా, రోడ్డు గీత మందమైన నిండు గీతగా ఉండాలి. జిరాక్సులో కూడా తేడా తెలియాలి.

రెండు, పట్టీలో వరసల క్రమం ఎప్పుడూ ఒకటే. వరస పేరు అంకెలంత పెద్దగా ఉండాలి.

మూడు, చైనేజీ ఒకే పద్ధతిలో, 14+360 అన్నట్టు రాయాలి. వంపు దగ్గర రేడియస్, ట్రాన్సిషన్ పొడవు, సూపర్ ఎలివేషన్ తప్పకుండా చూపాలి. ఆ విలువలు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల ప్రకారం, కొండ రోడ్లకైతే ఐఆర్‌సి 52 ప్రకారం రావాలి. స్టైల్ వాటిని చూపిస్తుందే గానీ సరిచేయదు.

నాలుగు, లేబుల్లో అంకెను చేత్తో టైపు చేయొద్దు. తర్వాత డిజైను మారినా ఆ అంకె మారదు.

ఐదు, మూల టెంప్లేటు ఒక్కరి చేతిలోనే ఉండాలి, యూనిట్లో కోత్ తాళం లాగా. మార్పు చేస్తే తేదీతో రిజిస్టరులో ఎక్కించాలి.

ఇవన్నీ అయ్యాక ఒక షీటును జిరాక్సు తీసి, ఏమీ చెప్పకుండా అదే సూపర్‌వైజరు చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు. ‘‘సార్, తవ్వకానికి, మట్టి పోయడానికి మైనస్సు, ప్లస్సు పెట్టారు. ఎండలో చిన్న గీత కనపడదు. ఒక వరసకు కటింగ్, ఇంకోదానికి ఫిల్లింగ్ అని పేర్లే పెట్టండి’’ అన్నాడు. ఆ రోజే మార్చాం. పెద్ద చదువులవాళ్ళకు తట్టనిది అతనికి తట్టింది. ఎందుకంటే ఆ కాగితాన్ని ఆఖరున చదివి, పలుగు వేయించేది అతనే.

కాబట్టి తమ్ముళ్ళూ, మీరు ఏ సాఫ్ట్‌వేరు మీద కూర్చున్నా, గీసేముందు సైటులో ఆ కాగితం పట్టుకుని నిలబడే మనిషిని ఒకసారి తలుచుకోండి.

జై హింద్.