జీతపు ఆటగాడు – అతని ఇంటివారు

బంతి వెంట పరుగెత్తు పిల్లవానిని చూచి ఇంటి పెద్దలు అడుగు ప్రశ్న ఒకటి కలదు: "ఇది కూడు పెట్టునా?" ఈ ప్రశ్న మన ఇండ్లకే పరిమితమని శ్రోతలు తలచవలదు. ఫుట్‌బాల్ నియమములు పుట్టిన ఇంగ్లండులో సైతము గనిపనివారి ఇండ్లలో తల్లులకు ఈ సందేహమే కలిగినది. అయితే ఆ దేశములోనే మరియొక తరగతివారి ప్రశ్న వేరు. "ఆట కూడు పెట్టవచ్చునా? అది మర్యాదస్థులు చేయదగిన పనియేనా?" అని వారు అడిగిరి. మొదటి ప్రశ్న ఆకలినుండి పుట్టినది. రెండవది హోదానుండి పుట్టినది. చాలకాలము ఆట నియమములు రెండవ ప్రశ్న అడిగినవారి చేతిలోనే యుండెను. అందువలన మొదటి ప్రశ్న అడిగిన ఇండ్లకు కలిగిన చిక్కులను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

1863లో లండనులో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడినది. తొలినాళ్లలో దానిని నడిపిన పెద్దలలో పలువురు పబ్లిక్ స్కూళ్లలో చదివినవారు. పేరు చూచి మోసపోరాదు. ఇంగ్లండులో పబ్లిక్ స్కూలనగా పెద్ద రుసుము చెల్లింపగల ఇండ్ల పిల్లలు చదువు బడి. వారి దృష్టిలో ఆట వినోదము, శీలమునకు సాధనము. దానికి డబ్బు పుచ్చుకొనుట దానిని మైలపరచుట. ఈ భావము వినుటకు సొంపుగానే యుండును. కాని ఒక పూట మిల్లు మానినచో ఆ పూట కూలి పోగొట్టుకొను నేతపనివాడు రైలెక్కి దూరపు ఊరికి పోయి ఉచితముగా ఆడుట ఎట్లు? ఈ లెక్క ఆ పెద్దలకు తట్టలేదు. తట్టుటకు వారిలో ఎవరికిని మిల్లు కూలితో పనిలేదు.

1883 మార్చి నెలాఖరున ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీలో లంకషైరునుండి వచ్చిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు ఓల్డ్ ఈటోనియన్స్ జట్టును 2–1 గోలులతో ఓడించినది. ఒకవైపు ఈటన్ బడిలో చదివిన దొరబిడ్డలు. మరియొకవైపు నేతపనివారును ఇతర శ్రామికులును. ఈ శ్రామికులు పోటీకి ముందు కొన్ని దినములు బ్లాక్‌పూల్ సముద్రతీరమున మకాము చేసి సాధన చేసిరి. ఆటకొరకు ఇంత శ్రమపడుట కూడ కొందరు పెద్దమనుష్యులకు రుచింపలేదు! ఆ పిమ్మట దొరబిడ్డల జట్టు ఏదియును ఆ కప్పును మరల గెలుచుకొనలేదు. మరుసటి సంవత్సరము ప్రెస్టన్ జట్టు తమ ఆటగాండ్రకు డబ్బిచ్చుచున్నామని దాపరికము లేక ఒప్పుకొని పోటీనుండి తొలగింపబడెను. ఉత్తరాది జట్లు వేరుపడుదుమని బెదిరించిన మీదట, 1885 జూలైలో జీతమునకు ఆడుట చట్టబద్ధమైనది.

చట్టము మారినది కాని చూపు మారలేదు. 1901లో ఆటగాని జీతమునకు హద్దు విధించిరి: వారమునకు 4 పౌన్లు. అది ఆనాటి పనివాని కూలికన్న ఎక్కువే, కాదనలేము. కాని పనివాని చేయి అరువది ఏండ్లవరకు ఆడును. ఆటగాని కాలు ముప్పదియైదేండ్లకే అలసిపోవును. ఎముక విరిగినచో ఇంకను ముందే. అంతేకాక, ఒప్పందము ముగిసిన పిమ్మట సైతము జట్టువారి అనుమతి లేనిదే ఆటగాడు మరియొక జట్టునకు పోరాదు. మిల్లు కూలివాడు యజమానిని విడిచి వేరొక మిల్లులో చేరవచ్చును. వేలమంది చప్పట్లు కొట్టు ఆటగానికి ఆపాటి స్వేచ్ఛ లేదు. 1907లో ఆటగాండ్రు సంఘము పెట్టుకొన్నను, 1958 నాటికి ఆ హద్దు 20 పౌన్లవరకే పెరిగినది. 1961 జనవరిలో, జిమ్మీ హిల్ సంఘాధ్యక్షుడుగా నున్నప్పుడు, సమ్మె బెదిరింపుతో హద్దు తొలగినది. వెంటనే ఫుల్హామ్ జట్టు జానీ హేన్స్‌కు వారమునకు 100 పౌన్లు ఇచ్చినది. 1963లో జార్జి ఈస్ట్‌హామ్ వ్యాజ్యములో న్యాయస్థానము ఆటగానిని కట్టిపెట్టు పాతపద్ధతిని తప్పుపట్టినది. క్రికెట్టులోనైతే దొరలను, జీతగాండ్రను వేర్వేరుగా లెక్కించు ఆచారము 1962 వరకు సాగినదన్న సంగతి శ్రోతలలో పలువురెరుగుదురు.

ఈ అరువది ఏండ్ల హద్దును నిజముగా మోసినది ఆటగాని ఇల్లు. నార్తంబర్లండులోని ఆషింగ్టన్ బొగ్గుగనుల ఊరిలో చార్ల్‌టన్ వారి సంసారమును చూడుడు. తండ్రి బాబ్ గనిలో పనివాడు. తల్లి సిస్సీ మిల్‌బర్న్ వారి ఆడపడుచు. ఆమె అన్నదమ్ములు నలుగురు జీతమునకు ఫుట్‌బాల్ ఆడినవారు. న్యూకాసిల్ జట్టులో పేరుగాంచిన జాకీ మిల్‌బర్న్ ఆమెకు వరుసకు సోదరుడు. అనగా పిల్లలకు మేనమామల బలము మెండు. తల్లి స్వయముగా బడిపిల్లలకు ఆట నేర్పెడిది.

పెద్దకొడుకు జాక్ 1935లో పుట్టెను. అతనికి పదునైదేండ్ల వయసున లీడ్స్ జట్టునుండి పరీక్షకు పిలుపు వచ్చినది. మేనమామ జిమ్ ఆ జట్టులోనే ఆడుచుండెను. అయినను జాక్ ఆ పిలుపును కాదని తండ్రితో గనిలోనికి దిగెను. దిగిన పిమ్మటగాని ఆ బ్రదుకెట్టిదో తెలియలేదు. గని విడిచి పోలీసు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టెను. చివరకు పోలీసువారి పరీక్షను వదలి లీడ్స్‌వారి పరీక్షకే పోయెను.

రెండవవాడు బాబీ, 1937లో పుట్టినవాడు, చదువులోను చురుకైనవాడు. పదునొకండేండ్లకు వ్రాయు పరీక్షలో నెగ్గి గ్రామర్ స్కూలునకు అర్హుడయ్యెను. గనిపనివాని ఇంట అది చిన్న సంగతి కాదు. కాని అతనికి నిర్ణయించిన మోర్పెత్ బడిలో ఆడునది రగ్బీ. చదువు మెట్టెక్కినచో ఫుట్‌బాలును క్రిందనే వదలవలెనన్నమాట! తల్లి ఊరకుండలేదు. పట్టుబట్టి, ఫుట్‌బాల్ ఆడు బెడ్లింగ్టన్ గ్రామర్ స్కూలునకు మార్పించినది. 1953లో మాంచెస్టర్ యునైటెడ్ పిలిచినప్పుడు మాత్రము ఆమెయే వెనుదీసినది. ఆట నిలుకడ లేనిదని, పిల్లవానిని విద్యుత్తు పనిలో కూడ శిష్యునిగా చేర్పించిరి. నలుగురు ఆటగాండ్రకు తోబుట్టువైన ఆమెకు జీతపు హద్దు ఎట్టిదో ఒకరు చెప్పవలసిన పని లేదు. దీనిని పిరికితనమనుటకు మాకు నోరు రాదు.

1966 జూలై 26న ప్రపంచ కప్పు పోటీలో ఇంగ్లండు పోర్చుగల్‌ను 2–1 గోలులతో ఓడించి తుదిపోటీకి చేరినది. ఆ రెండు గోలులును బాబీవే. అన్నదమ్ములిరువురు ఒకే జట్టులో ఆడిన ఆ పోటీని తండ్రి చూడలేదు. ఆ వేళ అతని వంతు గనిలో పని. దొరలైనచో దీనిని నిరాడంబరత యని మెచ్చుకొందురు. ముప్పది పైచిలుకు ఏండ్లు గనిని నమ్ముకొన్నవానికి అది నిరాడంబరత కాదు, హాజరు.

కొడుకు జీతమునకు కాపలా కాసిన తండ్రియు కలడు. స్టాన్లీ మాథ్యూస్ తండ్రి హాన్లీలో మంగలి. బరిలోనికి దిగిన ముష్టియోధుడు కూడ. కొడుకును ముష్టియుద్ధమున దింపవలెనని మొదట ఆశించి, పిమ్మట ఫుట్‌బాలునకు ఒప్పుకొనెను. స్టాన్లీ పదునైదేండ్లకు స్టోక్ జట్టు కార్యాలయములో కుర్రవాడుగా చేరి, 1965లో యాబదియేండ్లు నిండిన పిమ్మట సైతము పెద్దజట్టులో ఆడెను. ఆ ఏడే అతనికి 'సర్' బిరుదు వచ్చినది.

మన హైదరాబాదు సంగతి ఇచ్చట ఒక్క మాట చెప్పవలెను. జీతము పుచ్చుకొనువాడు తక్కువవాడన్న ఇంగ్లీషు దొరల భావమే ఒలింపిక్ పోటీలలోను చిరకాలము నియమముగా నుండెను. 1956లో మెల్‌బోర్న్‌లో నాలుగవ స్థానము పొందిన భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదువాడు, వృత్తిచేత ఉపాధ్యాయుడు. అతని శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచినది. జట్టు పేరులోనే ఉపాయమున్నది. ఉద్యోగము పోలీసు శాఖలో, ఆట మైదానములో. నియమము చెడలేదు, ఇంటివారి ప్రశ్నకును సమాధానము దొరికినది.

ఇక ఇంగ్లండులో హద్దు తొలగిన పిమ్మట ఏమైనది? ఒక్క తరములో ఇల్లు మారినది. ఫ్రాంక్ లాంపార్డ్ పెద్దాయన లండను తూర్పు పేటలవాడు. 1967నుండి వెస్ట్‌హామ్ జట్టున ఆడెను. ఆటపై గడించి, 1978లో పుట్టిన తన పేరిటి కొడుకును రుసుము బడిలో చదివింపగలిగెను. ఆ కొడుకు వెస్ట్‌హామ్‌లో చేరునాటికి తండ్రి సహాయ మేనేజరు. మేనేజరు హ్యారీ రెడ్‌నాప్ తల్లి తోబుట్టువు భర్త. 1996లో అభిమానుల సభలో ఒకరు లేచి, ఇది బంధుప్రీతియని మేనేజరు ముఖముననే అనిరి. కుర్రవాడు ప్రక్కనే కూర్చుండియుండెను. వాడు అగ్రస్థానమునకు పోవునని రెడ్‌నాప్ వాదించెను. 2001లో చెల్సీకి పోయి లాంపార్డ్ ఆ జట్టుకు 211 గోలులు సాధించెను. ఆ జట్టు చరిత్రలో అదియే గరిష్ఠము.

మేనమామ ఆడు జట్టునకు జాక్ పోయినప్పుడు అది వంశాచారము. లాంపార్డ్ పోయినప్పుడు అది పక్షపాతము. మేనేజరు చేతిలో ఎంపిక అధికారముండును, మేనమామ చేతిలో లేదు; ఆ భేదమును మేము మరువలేదు. కాని అనుమానము అంతతో ఆగలేదు. గ్రేమ్ లె సో గార్డియన్ పత్రిక చదువుట, పురాతన వస్తువులపై మక్కువ చూపుట తోడి ఆటగాండ్రకే వింతయైనవి. 1990ల పొడవునను అతని మగతనమును హేళన చేయు కేకలు మైదానములో వినబడెను. పూర్వము దొరల గదిలో కూలివానికి చోటు లేదు. ఇప్పుడు ఆటగాండ్ర గదిలో పత్రిక చదువువానికి చోటు లేకపోయినది. వంద ఏండ్ల అవమానమునకు ఇది బదులని కొందరందురు. అయినను బదులు తీర్చుకొన్నది అవమానించినవారిపై కాదు.

నేడు ఇంగ్లండులో తొమ్మిదేండ్లలోపు పిల్లలనే పెద్ద జట్లు తమ అకాడమీలలో నమోదు చేసికొనుచున్నవి. వారములో పలుమార్లు సాయంకాలము పిల్లవానిని దింపి, తిరిగి తెచ్చుట తల్లిదండ్రుల బాధ్యత. కారు ఉన్న ఇంటికి అది శ్రమ. రాత్రివంతు పని చేయు తండ్రి, ఇతర పిల్లలను చూచుకొను తల్లి గల ఇంటికి అది అసాధ్యమే కావచ్చును. ఆ పిల్లవాడు ఎంపిక కాకపోయినచో, ఆట చాలలేదా, బండి చాలలేదా యని ఏ రికార్డులోను వ్రాయరు.