గుండె చుట్టు చేరిన నీరు

 

మన గుండె రెండు పొరల సంచిలో ఇమిడియున్నది. వైద్యులు దానిని పెరికార్డియమందురు. ఆరోగ్యవంతునిలో ఆ పొరల నడుమ 15 మొదలు 50 మిల్లీలీటర్ల వరకు ద్రవముండును. బండి ఇరుసునకు కందెన యెట్టిదో గుండెకది యట్టిది. ఆ ద్రవమే మితిమీరి ప్రాణాపాయము తెచ్చు సందర్భమును గూర్చి నేడు ముచ్చటింతును.

క్షయ, క్యాన్సరు, మూత్రపిండముల వైఫల్యము, ఛాతిగాయము మొదలగు వానివలన ఆ సంచిలో నీరో నెత్తురో చేరును. మన దేశమున క్షయ ఒక ముఖ్యకారణము. ఇచ్చట ప్రమాదము పరిమాణముకంటె వేగమునుబట్టి యుండును. వారముల తరబడి మెల్లగా చేరినచో సంచి సాగి, లీటరు నీటినైనను కొంతకాలము భరించును. కత్తిపోటువలన 200 మిల్లీలీటర్ల నెత్తురు నిమిషములలో చేరినచో సంచి సాగజాలదు. అంతట గుండె నొక్కుకొనిపోవును. విచ్చుకొననిదే అందు నెత్తురు నిండదు. నిండనిదే అది దేహమునకు పంపజాలదు. దీని పేరు టాంపొనేడ్.

1935లో అమెరికా శస్త్రవైద్యుడు క్లాడ్ బెక్ మూడు గుర్తులను చెప్పెను: రక్తపుపోటు పడిపోవుట, మెడసిరలు ఉబ్బుట, గుండె చప్పుడు మందగించుట. ఇవి యందరిలోను కానరావు. కావున నేడు రోగి పడకయొద్దనే అల్ట్రాసౌండుతో గుండెను పరీక్షింతురు.

చికిత్స సూటియైనది. రొమ్ముటెముక కొనక్రిందనుండి గాని, ప్రక్కటెముకల నడుమనుండి గాని, అల్ట్రాసౌండు చూపు త్రోవను సూదిని పంపి ద్రవమును తీయుదురు. సంచి బిగిసియున్నవేళ చివర చేరిన కొలది ద్రవమే ఒత్తిడిని మిక్కిలి పెంచును. కావుననే 50 మిల్లీలీటర్లు తీసినను రోగి తేరుకొనుట కలదు. పిమ్మట సన్నని గొట్టముంచి మిగిలినది తీయుదురు. గాయమువలన నైనచో శస్త్రచికిత్సయే శరణ్యము. కాళ్లవాపు చూచి అలవాటుగా మూత్రము జారీయగు మందు వాడినచో, గుండెకు చేరు నెత్తురు తగ్గి కీడు కలుగవచ్చును.

సెలవు పెట్టుటకు వెనుదీయు మన ఉద్యోగులు ఆయాసమును అలసట యని సరిపెట్టుకొనుట పరిపాటి. క్షయకో, క్యాన్సరుకో చికిత్స పొందువారికి, డయాలిసిస్ జరుగువారికి ఆయాసము హెచ్చి, పడుకొన్న ఊపిరాడక, కన్నులు తిరిగినచో తెల్లవారువరకు ఆగరాదు. 112కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. పూర్వరోగమును వైద్యునికి మరువక చెప్పవలెను. సూది ఒత్తిడిని తీర్చునేగాని రోగమూలమును తీర్పదు. క్షయ మందులు గడువు ముగియువరకు వాడవలసినదే.

ఆ సూది పని కొన్ని నిమిషములది. రోగిని వేళకు ఆసుపత్రికి చేర్చు పని మనది.