కదలని యంత్రం మీద ఎంత దూరం?

అశ్వారావుపేట పామాయిల్ తోటల పక్కన పొద్దున్నే నడిచేవాళ్ళకు రోడ్డు పక్క కిలోమీటరు రాయే లెక్క చెబుతుంది. జిమ్‌లో ఎలిప్టికల్ అనే, ఉన్నచోటే పెడళ్ళు తొక్కే యంత్రం ఎక్కినవాళ్ళకు ఆ రాయి ఉండదు. అరగంట తొక్కి, చెమటతో తడిసి దిగినా మనిషి ఎక్కిన చోటే ఉంటాడు.

మరి తెర మీద కనిపించే కిలోమీటర్లు ఎక్కడివి?

యంత్రం నిజానికి లెక్కపెట్టేది చుట్లను. ఒక్కో చుట్టుకు ఇంత దూరమని తయారీదారు ముందే ఒక అంకె పెడతాడు. ఆ అంకె అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. అందుకే అదే మనిషి, అదే వేగంతో తొక్కినా రెండు యంత్రాలు రెండు దూరాలు చూపగలవు.

సొంతంగా లెక్క కట్టుకోవడం కష్టమేమీ కాదు. పెడల్ బాగా ముందుకు వెళ్ళిన చోటు నుంచి బాగా వెనక్కి వచ్చిన చోటు దాకా టేపుతో కొలిస్తే అదే అడుగు పొడవు. జిమ్ యంత్రాల్లో 18 నుంచి 20 అంగుళాలు మామూలు. దాదాపు అర మీటరు అనుకోవచ్చు. పూర్తి చుట్టుకు రెండు అడుగులు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే 120 అడుగులు, అంటే 60 మీటర్లు. అరగంటకు 1.8 కిలోమీటర్లు.

ఇక్కడే ఒక చిక్కుంది. పెడల్ బిగువు (రెసిస్టెన్స్) పెంచితే కాళ్ళకు శ్రమ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఈ లెక్కలో దూరం మాత్రం అంగుళమైనా పెరగదు! పైగా పాదం పెడల్‌ను వదలదు కనుక, పరుగులో నేల మోకాలికి ఇచ్చే దెబ్బ ఇందులో చాలా తక్కువ. 1995లో అమెరికా కంపెనీ ప్రీకోర్ తన ఎలిప్టికల్‌ను బజారులోకి తెచ్చినప్పుడు జనాన్ని ఆకట్టుకున్నది ఈ సుఖమే.

కాబట్టి రోడ్డు నడకతో దీన్ని పోల్చకుండా, రోజూ అదే యంత్రం, అదే బిగువు, అదే అరగంట పెట్టుకుని, నిన్నటి చుట్ల పక్కన ఇవాళ్టివి రాసుకోవడం మేలు.