మేడారం బస్సు ఎక్కే ముందు

మాఘమాసంలో జాతర వచ్చిందంటే ఉప్పల్ చౌరస్తాలో మేడారం బస్సుల కోసం జనం కిక్కిరిసిపోతారు. నాచారం బస్తీల నుంచి కూడా బెల్లం మూట నెత్తిన పెట్టుకుని వస్తారు. సమ్మక్క, సారలమ్మ అమ్మవార్ల దగ్గర ఆ బెల్లమే బంగారం.

మనం వెళ్లేది కోయల గడ్డకు. అమ్మవార్ల గద్దెల దాకా అందరికీ దారి ఉంది. చిలకలగుట్ట మీదికి మాత్రం కోయ పూజారులే వెళ్తారు. సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో కిందికి తెచ్చేదీ వాళ్లే. ఎవరు ఎక్కడిదాకా రావాలో అక్కడివాళ్లే చెప్పడం నాకెంతో నచ్చుతుంది.

మిగతా అడవిలో ఆదివాసీల మాట చెల్లలేదు. రిజర్వు ఫారెస్టు హద్దులు గీశాక తాతల నాటి పోడు సేద్యమే నేరమైపోయింది. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కొమురం భీం ప్రాణమిచ్చింది అడవి మీద హక్కు కోసమే. 2006 అటవీ హక్కుల చట్టంతో, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీ కుటుంబానికి 4 హెక్టార్ల దాకా హక్కు పత్రం వస్తుంది. పట్టాల సంగతి అందరూ మాట్లాడతారు. ఊరి అడవిని ఊరే కాపాడుకుని చూసుకునే ఉమ్మడి హక్కూ అదే చట్టంలో ఉంది. దాని గురించి అడిగేవాళ్లు తక్కువ. ఆ హక్కు కోసం పెట్టే దరఖాస్తు మొదట వెళ్లేది గ్రామసభకే.

ఆ అడవిని కాపాడటంలో మన వంతూ ఉంది. ఈసారి జాతరకు వెళ్తే, ఖాళీ నీళ్ల సీసాలు అక్కడి వెదురు పొదల్లో వదలకండి. తిరుగు బస్సులో ఉప్పల్‌కే తెచ్చేయండి.